మెడలోని కెరోటిడ్ బాడీ గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా,

మహబూబాబాద్ స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. దిగాల్సింది కాజీపేటలో. సికింద్రాబాద్‌లో కిటికీ సీటు దొరికిందని సంబరపడ్డాను. భువనగిరి గుట్ట కనిపించింది, ఆ తర్వాత సోయి లేదు. కాజీపేట పోయింది, వరంగల్ పోయింది. చివరికి ఎదుటి సీటు పెద్దమ్మ భుజం తట్టి, "బిడ్డా, నీ గురకకు బోగీ అంతా లేచింది, నువ్వు తప్ప" అంది. ఇవాళ మేనకోడలి పెళ్లిచూపులు. అక్క ఫోన్ ఎత్తడం లేదు.

అసలు దోషి గొంతేనని తెలుసు. నిద్ర పట్టగానే కండరాలు సడలి, నాలుక వెనక్కి జారి, గాలి దారి మూసేస్తుంది. దానికి సిగ్గు లేదు, వదిలేద్దాం. తమరు అలా కాదు. మీ పనితనం బయటపెట్టినందుకు బెల్జియం శాస్త్రవేత్త హేమాన్స్‌కు 1938 నోబెల్ వచ్చింది. మెదడుకు నెత్తురు మోసే కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోట, మెడకు అటొకటి ఇటొకటి, బియ్యపు గింజంత ఉంటారు. నెత్తురులో ఆక్సిజన్ తగ్గితే చాలు, క్షణాల్లో మెదడుకు కబురు. మెదడు సగం లేస్తుంది, గొంతు బిగుస్తుంది, పెద్ద గుర్రుతో గాలి లోపలికి పోతుంది. నాకు మాత్రం ఏదీ గుర్తుండదు, ముక్కలైన నిద్రకు పగలు రైల్లో కునుకు పడుతుంది. ఇలా ఊపిరి ఆగడం, సన్నగిల్లడం గంటకు 30 సార్లకు చేరితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా అట. నా రిపోర్టు చూసి డాక్టర్ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

ఇక్కడిదాకా తమరికి దండం.

నా గొడవంతా పగటిది. రాత్రంతా ఆక్సిజన్ పడుతూ లేస్తూ ఉంటే, రోజులు గడిచేకొద్దీ తమరి తీరే మారిపోతుంది. కొంచెం తగ్గినా గగ్గోలు, తగ్గకపోయినా గొణుగుడు. ఆ లొల్లికి, ఒంటిని అప్రమత్తం చేసే సింపథెటిక్ నరాలు రెచ్చిపోయి రక్తనాళాలను బిగిస్తాయి, బీపీ ఎక్కుతుంది. అయ్యా, పట్టపగలు హన్మకొండ చౌరస్తాలో నిలబడి నిమ్మకాయ సోడా తాగుతుంటే నాకు ఆక్సిజన్‌కు ఏం కరువొచ్చింది? ఎవడి కోసం ఆ అరుపు? ఉప్పు తగ్గించాను. అత్తమ్మ పంపిన మామిడికాయ తొక్కు జాడీ మూత తీసి, వాసన చూసి, మళ్లీ మూత పెడుతున్నాను. బీపీ మాత్ర ఒకటి కాస్తా రెండైంది. "టెన్షన్ తగ్గించుకోండి" అంటాడు డాక్టర్. టెన్షన్ నాది కాదు సార్, దీనిది! పొద్దు పొడిచింది, నేను లేచాను, ఊపిరి పీలుస్తున్నాను, ఇక నోరు మూసుకోవేం నువ్వు?

నీ గుట్టు కొంత బయటపడిందిలే. చికాగో విశ్వవిద్యాలయంలో నండూరి ప్రభాకర్ (ఇంటిపేరు వింటే మనవాడే అనిపిస్తుంది) బృందం పట్టుకుంది. ఆక్సిజన్ సరిపడా ఉన్నప్పుడు నీలో తయారయ్యే కార్బన్ మోనాక్సైడ్ నిన్ను ఊరుకోబెడుతుంది. ఆక్సిజన్ తగ్గితే అదీ తగ్గి, హైడ్రోజన్ సల్ఫైడ్ పెరుగుతుంది, నీ లొల్లి మొదలవుతుంది. కుళ్లిన గుడ్ల కంపు కొట్టే గ్యాసు, ఇదీ నీ బతుకు! ఎలుకల్లో ఆ గ్యాసు తయారీని ఆపితే నిద్రలో ఊపిరి కుదుటపడింది. ఎలుకలు హాయిగా పడుకుంటున్నాయి, నేను మహబూబాబాద్‌లో దిగుతున్నాను.

రాత్రిళ్లు సీపాప్ మాస్కు పెట్టుకుంటాను. అది గాలి ఒత్తిడితో గొంతు దారి తెరిచే ఉంచుతుంది, ఆక్సిజన్ పడిపోదు, నీకు అరిచే పని ఉండదు. అయినా పగలు గొణిగావో, కోసి పారేయమంటాను. అనలేననీ నీకు తెలుసు. ఏ రాత్రో మాస్కు జారి గొంతు మూసుకుంటే లేపే దిక్కు నువ్వే కదా. ఆ ధైర్యంతోనే ఇంత ఎగురుతున్నావు.

ఇట్లు,
మెడ యజమాని,
హన్మకొండ (ప్రస్తుతం మహబూబాబాద్)