మూడు క్యాంపస్‌ల మినహాయింపు

కాలిఫోర్నియా 1960లో ఉన్నత విద్యకు బృహత్ప్రణాళిక రాసుకున్నప్పుడు విద్యార్థులను మూడు మెట్లుగా విడదీసింది. హైస్కూలు ముగించినవారిలో తొలి ఎనిమిదో వంతుకు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ), తొలి మూడో వంతుకు స్టేట్ యూనివర్సిటీ, చదవాలనుకునే తక్కిన అందరికీ కమ్యూనిటీ కాలేజీ. ఈ వడపోతకు న్యాయం చేకూర్చింది ఒక్క హామీయే: కింది మెట్టు మీద రెండేళ్లు శ్రద్ధగా చదివినవారు మూడో ఏడాది పై మెట్టుకు బదిలీ కావచ్చు.

రాష్ట్రంలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. స్థానిక విద్యార్థికి యూనిట్‌కు (చదువును లెక్కగట్టే క్రెడిట్‌కు) 46 డాలర్ల ఫీజు. బదిలీకి కావలసిన 60 సెమిస్టర్ యూనిట్లకు మొత్తం 2,760 డాలర్లు. నేరుగా యూసీలో చేరితే ఒక్క ఏడాదికే సుమారు 15 వేల డాలర్లవుతుంది. అయినా పిల్లవాడు కమ్యూనిటీ కాలేజీలో చేరాడని చెప్పడానికి నామోషీ పడే తల్లిదండ్రులు అక్కడి తెలుగు ఇళ్లలో ఇంకా ఉన్నారు. హైస్కూలు నుంచి యూసీఎల్ఏకు (యూసీ లాస్ ఏంజెలెస్ క్యాంపస్‌కు) దరఖాస్తు చేసేవారిలో ఇటీవలి ఏళ్లలో పదో వంతుకు కూడా సీటు రాకపోగా, బదిలీకి దరఖాస్తు చేసినవారిలో దాదాపు నాలుగో వంతుకు దక్కుతోందన్న సంగతి వారు గమనించాలి. కంప్యూటర్ సైన్స్ వంటి కోర్సుల్లో మాత్రం ఈ సగటును నమ్ముకోరాదు.

నాలుగో వంతు అన్నది మంచి అవకాశమే గాని, హామీ కాదు. నిర్దేశిత మార్కులు, కోర్సులు ఉన్నవారికి ముందే సీటు ఖాయం చేసే ‘ట్యాగ్’ ఒప్పందాన్ని యూసీకి చెందిన డేవిస్, అర్వైన్, మెర్సిడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రజ్ క్యాంపస్‌లు పాటిస్తున్నాయి. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో పాటించడం లేదు. గిరాకీ ఎక్కువ కనుక మాట ఇవ్వలేమన్నది వాటి వాదన కావచ్చు; కానీ గిరాకీ లేని చోట హామీతో పనేముంది?

అంతకంటే బాధాకరమైనది కోర్సుల పొంతన. ఏ కాలేజీలోని ఏ పాఠం ఏ క్యాంపస్‌లో చెల్లుతుందో విద్యార్థి ‘అసిస్ట్’ వెబ్‌సైట్‌లో వెతుక్కోవాలి. ఒకే డిగ్రీకి ఒక క్యాంపస్ అడిగే గణితం, భౌతికశాస్త్ర కోర్సుల వరుస మరో క్యాంపస్ అడిగేదానితో సరిపోకపోవడంతో, నాలుగు చోట్ల దరఖాస్తు చేయదలచిన విద్యార్థి పగలు ఉద్యోగం, రాత్రి తరగతులు చేసుకుంటూనే నాలుగు జాబితాలను తృప్తిపరచాలి. రెండేళ్ల చదువు మూడేళ్లకు సాగేది ఇక్కడే.

మన పాలిటెక్నిక్ విద్యార్థి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరుతున్నాడు. సీట్లు పరిమితమే అయినా, కాలేజీకో కొత్త జాబితా పట్టుకుని తిరగనక్కర్లేదు. ఐఐటీల్లో ఈ దారే లేదు కనుక కాలిఫోర్నియాకు నీతులు చెప్పే స్థితిలో మనమూ లేము.

2023లో కాలిఫోర్నియా చేసిన చట్టం ప్రకారం, కమ్యూనిటీ కాలేజీలో బదిలీ కోసమే ఇచ్చే డిగ్రీ పొందినవారికి ప్రవేశాల్లో ప్రాధాన్యమిచ్చే ప్రయోగం 2026–27 నుంచి యూసీఎల్ఏలో కొన్ని కోర్సులకే మొదలు కావాలి. ప్రయోగాన్ని అక్కడే ఆపకుండా, ట్యాగ్ పాటించని ఆ మూడు క్యాంపస్‌లూ అందులో చేరాలి. తొమ్మిది క్యాంపస్‌లూ ఒక డిగ్రీకి ఒకే ముందస్తు కోర్సుల జాబితాను ప్రకటించాలి.