పక్కింటికి రియలిజం, మనింటికి న్యాయమా?

కొంచెం పొడుగు పోస్టు. చాలా రోజులుగా లోపల నలుగుతున్న విషయం కాబట్టి ఓపిగ్గా చదవండి.

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి దిగిన రోజు నుంచి మన తెలుగు గ్రూపుల్లో ఒక మాట తెగ తిరిగింది. "పెద్ద దేశం పక్కనున్న చిన్న దేశం ఒద్దికగా ఉండాలి. నాటో నాటో అని ఎగిరింది, అనుభవిస్తోంది. దేశాల మధ్య నీతీ న్యాయం ఉండవు, బలమే ఉంటుంది." కాస్త చదువుకున్నవాళ్లు దానికి రియలిజం అని పేరు పెట్టి, కింద ఆ సిద్ధాంతానికి పేరుపడ్డ అమెరికా ప్రొఫెసర్ మెర్షైమర్ ప్రసంగం వీడియో ఒకటి జత చేసేవారు. నేను డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెబుతాను. మా పిల్లలు రాసే జవాబుల్లోనూ అదే మాట, అదే ధీమా.

2025 ఆగస్టు వచ్చింది. రష్యా నుంచి చమురు కొంటున్నామని అమెరికా మన సరుకుల మీద ఇంకో 25 శాతం సుంకం వేసింది. మొత్తం 50 శాతం, ఆగస్టు 27 నుంచి అమల్లోకి. అవే గ్రూపుల్లో, వాళ్లే రాశారు: "ఇది దౌర్జన్యం. సార్వభౌమ దేశం ఎవరి దగ్గర ఏం కొనాలో వీళ్లెవరు చెప్పడానికి?"

ఆ కోపం న్యాయమైనదే. నాకూ వచ్చింది. కానీ అడగాల్సింది అడుగుతాను. ఉక్రెయిన్ ఎవరితో పొత్తు పెట్టుకోవాలో ఇంకొకరు చెబితే అది లోకం తీరు, మనం ఎవరి దగ్గర చమురు కొనాలో ఇంకొకరు చెబితే అది దౌర్జన్యమా? బాంబుకూ సుంకానికీ పోలిక లేదని నాకు తెలుసు. అక్కడ ఊళ్లు కూలాయి, ఇక్కడ ధరలు కూలాయి. అయినా రెండింటి వెనకా ఉన్న సూత్రం ఒకటే: బలమున్నవాడు చెప్పాలి, లేనివాడు వినాలి. ఆ సూత్రాన్ని మూడేళ్లు సిద్ధాంతం పేరుతో సమర్థించి, అది మన గుమ్మం దాకా వచ్చాక అన్యాయం అంటున్నాం.

మాది భీమవరం దగ్గర ఊరు. మా బాబాయికి రొయ్యల చెరువులున్నాయి, సొంతవి కొన్ని, లీజువి కొన్ని. ఆ ఆగస్టులో ఒక సాయంత్రం గట్టు మీద నుంచే ఫోన్ చేశాడు, వెనక ఏరేటర్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. కొనేవాళ్లు ప్రతి కౌంట్‌కూ (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) రేటు కోసేశారట. పట్టుబడి పెడదామంటే రేటు లేదు. ఆపుదామంటే మేత ఖర్చు, కరెంటు బిల్లు ఆగవు. పైగా రోజు గడిచేకొద్దీ రొయ్యలకు వైట్ స్పాట్ తెగులు వస్తుందేమోనని భయం. "అమ్మాయ్, ఎక్కడో రష్యా ఆయిల్‌కీ, నా చెరువులో రొయ్యకీ ఏంటమ్మా సంబంధం? నువ్వు కాలేజీలో చెప్పేది ఇదే కదా" అన్నాడు. వెంటనే ఏమీ చెప్పలేకపోయాను.

దేశంలో రొయ్యలు ఎక్కువగా పండేది మన ఆంధ్రలోనే, వాటికి పెద్ద మార్కెట్ అమెరికా. మరీ చౌకగా అమ్ముతున్నారనీ, ప్రభుత్వ సబ్సిడీ అందుతోందనీ వేసే యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు అప్పటికే ఉన్నాయి, ఈ 50 శాతం వాటి మీద అదనంగా పడింది. మనతో పోటీపడే ఈక్వెడార్ మీద అప్పుడు 15 శాతమే. అమెరికాలో కొనేవాడు ఎటు తిరుగుతాడో చెప్పక్కర్లేదు.

రియలిజం పనికిమాలినదని నేను అనను. అది చెప్పే మొదటి మాట నిజం: దేశాల మీద పోలీసు లేడు. 2022 ఫిబ్రవరి 25న భద్రతా మండలిలో దాడిని ఖండిస్తూ తీర్మానం పెడితే 11 దేశాలు అనుకూలంగా ఓటేశాయి, మనతో సహా మూడు తటస్థంగా ఉన్నాయి, రష్యా ఒక్కటే వ్యతిరేకించింది. ఆ ఒక్క వీటోతో తీర్మానం పోయింది. నాటోను తూర్పుకు విస్తరిస్తే పెద్ద తప్పవుతుందని, సోవియట్ యూనియన్‌ను కట్టడి చేసే అమెరికా విధానానికి రూపం ఇచ్చిన జార్జ్ కెన్నన్ 1997లోనే హెచ్చరించాడు. 2008 ఏప్రిల్‌లో బుకారెస్ట్‌లో నాటో నాయకులు ఉక్రెయిన్, జార్జియా ఎప్పటికైనా సభ్యులవుతాయని ప్రకటించారు, ఎప్పుడో చెప్పలేదు, అప్పటిదాకా రక్షణ ఎవరిదో కూడా చెప్పలేదు. అదే ఏడాది ఆగస్టులో జార్జియాలో యుద్ధం జరిగింది. ఇవన్నీ చెప్పకుండా ఉక్రెయిన్ గురించి పాఠం చెప్పలేం. అలాగే 2003లో భద్రతా మండలి అనుమతి లేకుండా ఇరాక్ మీద పడిన అమెరికా గురించీ చెప్పాలి. నేను చెబుతాను.

నా బాధంతా ఒక్క చోటే. ఎందుకు జరిగిందో చెప్పడం ఒకటి, జరగడం సబబే అనడం ఇంకొకటి. వరద ఎందుకొచ్చిందో చెప్పే ఇంజనీరు, మునిగిన ఇంటివాణ్ణి చూసి "నీకు తగిన శాస్తే" అనడు కదా. మన గ్రూపుల్లో వివరణ ఎప్పుడు తీర్పుగా మారిపోతుందో రాసేవాళ్లకే తెలియడం లేదు.

మెర్షైమర్ పేరు చెప్పేవాళ్లలో ఎంతమందికి ఆయన 1993లో రాసింది తెలుసు? సోవియట్ యూనియన్ విడిపోయేసరికి ఉక్రెయిన్ గడ్డ మీద దాదాపు 1,900 వ్యూహాత్మక అణు వార్‌హెడ్లు ఉన్నాయి. అవి ఇచ్చేయమని అందరూ ఒత్తిడి తెస్తుంటే, ఇవ్వకపోతేనే మంచిదని, రేపు రష్యా నుంచి ముప్పు వస్తే కాపాడేది అవేనని మెర్షైమర్ వాదించాడు. వాటి ప్రయోగ సంకేతాలు మాస్కో చేతుల్లోనే ఉన్నాయి కాబట్టి ఆ వాదనకూ చిక్కులున్నాయి, అది వేరే చర్చ. ఉక్రెయిన్ ఆయన మాట వినలేదు. 1994 డిసెంబరు 5న బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్ మూడూ దాని సరిహద్దులను గౌరవిస్తామని సంతకాలు పెడితే నమ్మి, ఆయుధాలు అప్పజెప్పింది. సంతకం పెట్టినవాళ్లలో ఒకరైన రష్యా 2014లో ఉక్రెయిన్‌లోని క్రిమియాను కలిపేసుకుంది. అంటే అదే రియలిజం ప్రకారం చూస్తే ఉక్రెయిన్ చేసిన తప్పు ఎగరడం కాదు, నమ్మడం. 2014 తర్వాత మెర్షైమర్ పాశ్చాత్య దేశాలను తప్పుపడుతూ అన్న మాటలు పంచుకుంటూ, 1993 నాటివి వదిలేస్తే అది చదువు అనిపించుకోదు.

ఇంకొకటి. నాటో దగ్గరికి రావడమే అసలు కారణమైతే ఫిన్లాండ్ సంగతేమిటి? రష్యాతో 1,300 కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉన్న దేశం. 2023 ఏప్రిల్ 4న నాటోలో చేరింది. రష్యాకు నాటోతో ఉన్న భూసరిహద్దు ఒక్క రోజులో రెట్టింపు దాటింది. మాస్కో కోప్పడింది, బెదిరించింది. యుద్ధానికి మాత్రం వెళ్లలేదు. సైన్యం అప్పటికే ఉక్రెయిన్‌లో ఇరుక్కుని ఉందనేది ఒక జవాబు. కానీ పూర్తి జవాబు కావాలంటే 2021 జులైలో పుతిన్ తన పేరుతో ప్రచురించిన పెద్ద వ్యాసం చూడాలి. రష్యన్లు, ఉక్రేనియన్లు ఒకే జనం అని అందులో వాదించాడు. క్షిపణుల లెక్క కంటే చరిత్ర లెక్కే అందులో ఎక్కువ. ఫిన్లాండ్ పరాయిది, ఉక్రెయిన్ "మనది" అన్న భావన అది. క్లాసులో కన్‌స్ట్రక్టివిజం అని చెప్పేది దీన్నే: ఎవరి దగ్గర ఎన్ని ఆయుధాలున్నాయన్నదే కాదు, ఎవరు ఎవర్ని ఏమనుకుంటున్నారన్నది కూడా యుద్ధాన్ని నిర్ణయిస్తుంది. ఆ సిద్ధాంతకర్త అలెగ్జాండర్ వెంట్ 1995లో ఇచ్చిన ఉదాహరణ పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. అమెరికాకు బ్రిటన్ దగ్గరున్న 500 అణ్వాయుధాల కంటే ఉత్తర కొరియా దగ్గరున్న ఐదంటేనే భయం.

మా అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్ అమ్మాయి యుద్ధం మొదలైనప్పుడు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది. వారం రోజులు బేస్‌మెంట్‌లో గడిపింది. మార్చి 2న మన ఎంబసీ నుంచి, వాహనం దొరక్కపోతే నడిచైనా వెంటనే ఖార్కివ్ వదలమని కబురొచ్చింది. 11 కిలోమీటర్ల దూరంలోని పెసోచిన్‌కు మంచులో నడిచింది. ఆ రోజుల్లో వాళ్లమ్మ ఫోన్ చేతిలో పట్టుకుని మా ఇంట్లోనే కూర్చునేది, టీ ఇస్తే తాగేది కాదు. ఆ అమ్మాయి తిరిగొచ్చాక ఒక మాట చెప్పింది. వాళ్లు అద్దెకున్న ఇంటావిడ పుట్టినప్పటి నుంచి మాట్లాడేది రష్యన్ భాషేనట. మీద పడుతున్న షెల్స్ ఎటు నుంచి వస్తున్నాయో ఆవిడకు తెలుసు, అయినా చాలాసేపటి దాకా నమ్మలేకపోయిందట. రష్యన్ మాట్లాడేవాళ్లను కాపాడటానికే వచ్చామని చెప్పినవాళ్లే వాళ్ల ఊరి మీద బాంబులేశారు. మన వీడియోల్లో "బఫర్ స్టేట్" (రెండు పెద్ద శక్తుల మధ్య అడ్డుగా ఉండే దేశం) అని తేలిగ్గా అనేసే చోట ఉండేది ఆవిడే.

లిబరల్ సిద్ధాంతం వైపు చూస్తే అక్కడా పిల్లలు గైడ్ పుస్తకంలోని వాక్యం అలాగే దింపుతారు: వ్యాపార బంధాలు పెరిగితే యుద్ధాలు తగ్గుతాయి. జర్మనీ అదే నమ్మింది. 2021లో తన గ్యాస్‌లో సగానికి పైగా రష్యా నుంచే తెచ్చుకుంది. నార్డ్ స్ట్రీమ్ 2 పైపులైను ఆ ఏడాది సెప్టెంబరులో పూర్తయింది కూడా. ఒక్క రోజైనా గ్యాస్ సరఫరా చేయకముందే యుద్ధం వచ్చింది. అలాగని ఆ సిద్ధాంతమంతా కొట్టేయలేం. ఆ సిద్ధాంతం రాసిన అమెరికా ప్రొఫెసర్లు కియోహేన్, నై 1977లోనే చెప్పారు, ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఆధారపడినా సమానంగా ఆధారపడరని. బంధం తెగితే ఎవరికి ఎక్కువ నష్టమో, వేరే దారి వెతుక్కోవడం ఎవరికి కష్టమో, వాళ్లదే బలహీనత.

బాబాయి ప్రశ్నకు జవాబు అక్కడుంది. రష్యా చమురు మనకంటే చైనా ఎక్కువ కొంటుంది. దాని కోసమని చైనా మీద అమెరికా ఇలాంటి అదనపు సుంకం వేయలేదు. కారణం దయ కాదు. మోటార్లకు, ఆయుధాలకు కావాల్సిన అరుదైన ఖనిజాల శుద్ధి దాదాపు చైనా చేతుల్లోనే ఉంది, 2025 ఏప్రిల్‌లో వాటి ఎగుమతులను బిగించి ఆ సంగతి గుర్తు చేసింది కూడా. మన చేతిలో ఉన్నది రొయ్య. రొయ్య ఈక్వెడార్ దగ్గరా దొరుకుతుంది. ఇదే మాట ఫోన్‌లో చెబితే బాబాయి కాసేపు మాట్లాడలేదు. "అయితే మనం అమ్మేది వాళ్లకి కావాలి గానీ, తప్పనిసరి కాదన్నమాట" అన్నాడు. ఆ రెండింటి మధ్య తేడా మీదే ఆ సిద్ధాంతం అంతా నిలబడి ఉంది. ఎకరాల్లో, కౌంట్లలో లెక్క చూసుకునే మనిషి ఒక్క వాక్యంలో పట్టుకున్నాడు.

ఇక మన చమురు సంగతి. యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో రష్యా వాటా రెండు శాతం లోపే. 2023 నాటికి మూడో వంతు దాటింది. కొనడాన్ని నేను తప్పుపట్టను. నూట నలభై కోట్ల మంది ఉన్న దేశం, చమురులో ఎనభై శాతానికి పైగా బయట నుంచే తెచ్చుకుంటుంది. సంపన్న జీ7 దేశాలు 2022 డిసెంబరులో రష్యా చమురుకు బ్యారెల్‌కు 60 డాలర్ల ధర పరిమితి పెట్టింది కూడా రష్యా చమురు మార్కెట్లోకి వస్తూనే ఉండాలి, దానికి లాభం మాత్రం తగ్గాలనే. అప్పుడు ఊరుకుని 2025లో మన ఒక్కరి మీద పడటం అన్యాయం. ఈ మాట గట్టిగానే అనాలి. కానీ అనడానికి మనకు నోరు ఉండాలంటే, ఇంకొకరికి జరిగినప్పుడు "లోకం అంతే" అని ఉండకూడదు.

2022 ఫిబ్రవరి 21న, ఇంకా దాడి మొదలవకముందే, భద్రతా మండలిలో కెన్యా రాయబారి మార్టిన్ కిమానీ మాట్లాడారు. ఆఫ్రికా సరిహద్దులు ఆఫ్రికావాళ్లు గీసుకున్నవి కావు, ఎక్కడో దూరాన సామ్రాజ్యాల రాజధానుల్లో కూర్చుని గీసినవి. ఒకే భాషవాళ్లు, ఒకే జాతివాళ్లు గీతకు అటూ ఇటూ అయిపోయారు. అయినా ఆ గీతల్ని యుద్ధాలతో మార్చకూడదని నిర్ణయించుకున్నాం, లేకపోతే ఇప్పటికీ రక్తం పారుతూనే ఉండేది అని ఆయన చెప్పారు. వలస పాలన చూసిన దేశం నుంచి వచ్చిన ఆ మాట మనం చెప్పాల్సిన మాట. దేశ విభజనప్పుడు రాడ్‌క్లిఫ్ గీసిన గీత పక్కన బతుకుతున్నవాళ్లం. మన గ్రూపుల్లో ఆ ప్రసంగం పంచుకున్నవాళ్లు నాకు ఒక్కరూ కనిపించలేదు.

బలవంతుడు చేయగలిగింది చేస్తాడు, బలహీనుడు భరించాల్సింది భరిస్తాడు. రియలిజం గురించి రాసే ప్రతివాళ్లూ ఈ మాట వాడతారు. క్రీస్తుపూర్వం 416లో మెలోస్ అనే చిన్న ద్వీపంతో ఏథెన్స్ ప్రతినిధులు అన్నట్టుగా గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ రాసిన మాట ఇది. మెలోస్ లొంగలేదు. ఏథెన్స్ అక్కడి మగవాళ్లను చంపి, ఆడవాళ్లనూ పిల్లల్నీ బానిసలుగా అమ్మేసింది. కోట్ చేసేవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. మరుసటి ఏడే ఏథెన్స్ అదే ధీమాతో సిసిలీ మీదకు పెద్ద నౌకాదళాన్ని పంపింది. రెండేళ్లకు అదంతా నాశనమైంది, క్రీస్తుపూర్వం 404లో ఏథెన్సే లొంగిపోయింది. థుసిడిడీస్ పుస్తకంలో మెలోస్ కథ వెంటనే సిసిలీ కథ మొదలవుతుంది. ఆయన ఆ మాటను మెచ్చుకోవడానికి రాశాడని నేను ఎప్పటికీ నమ్మను.

ఈసారి ఇంటర్నల్ పరీక్షలో ప్రశ్న మార్చాను. "ఉక్రెయిన్ యుద్ధాన్ని రియలిస్టు దృక్పథంతో వివరించండి" అని ఇన్నేళ్లూ ఇచ్చేదాన్ని. ఇప్పుడు ఇలా ఇచ్చాను: "ఉక్రెయిన్ మీద దాడికీ, ఆంధ్ర రొయ్యల మీద సుంకానికీ మీరు ఒకే సిద్ధాంతం వాడండి. ఒకదానికి సరిపోయి రెండోదానికి సరిపోకపోతే, ఎందుకో రాయండి." అరవై మందిలో పద్నాలుగు మంది మొదటి భాగం రాసి, రెండో భాగం దగ్గర పెన్ను ఆపేశారు. ఆ పద్నాలుగు పేపర్లూ పక్కన పెట్టుకున్నాను. సోమవారం క్లాసు వాటితోనే మొదలుపెడతాను.