నోటు మీద సంతకం భర్తది, ఇల్లు మాత్రం భార్యదట!

గంట క్రితం ఈసీ, అంటే ఆస్తి ఎవరి పేరు మీదికి మారిందో చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం, చేతికొచ్చింది. నా కోపం ఇంకా తగ్గలేదు. మా అమ్మ దగ్గర ఆరు లక్షలు తీసుకున్న మనిషి, మేం లాయర్ నోటీసు పంపిన పన్నెండో రోజున తన డాబా ఇంటిని భార్య పేరున గిఫ్ట్ రాసేశాడు. ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉంటున్నారు. గేటుకి ఆయన పేరు బోర్డు కూడా అలాగే ఉంది. మారింది కాగితం ఒక్కటే.

"అక్కా, మీ డబ్బు ఎక్కడికీ పోదు, నాకు ఇల్లుంది" అని మా హాల్లో కూర్చుని కాఫీ తాగుతూ చెప్పిన మనిషి ఈయన. ఆ ఇంటిని చూసే నాన్న రిటైర్మెంట్ డబ్బు తీసి ఇచ్చింది అమ్మ. ప్రామిసరీ నోటులో రెవెన్యూ స్టాంపు మీద సంతకం, వెనక రెండు వేలు తిరిగి కట్టినట్టు ఆయన చేత్తో రాసిన చెల్లు, అన్నీ ఉన్నాయి.

చట్టం లేదా అంటే ఉంది. ఆస్తి బదిలీ చట్టం 1882 నుంచీ ఉంది. అప్పులవాళ్లకు అందకుండా చేయాలనే ఉద్దేశంతో ఆస్తి రాసేస్తే, ఆ బదిలీని రద్దు చేయించుకోవచ్చని 53వ సెక్షన్ చెబుతోంది. నిజాయితీగా డబ్బిచ్చి కొన్నవాడికి రక్షణ ఉంది, అది న్యాయమే. కానీ ఈ భార్య రూపాయి ఇచ్చిందా? గిఫ్టే కదా! అయినా ఆయన ఉద్దేశం ఏంటో రుజువు చేయాల్సింది మేమే. ఆ దావా కూడా ఆయనకు అప్పిచ్చిన వాళ్లందరి తరఫునా వేయాలి. డబ్బు పోగొట్టుకున్న మనిషే మళ్లీ కోర్టు ఫీజు కట్టి, వాయిదాలకు తిరగాలి. తీర్పుకు ముందే జప్తు అడగొచ్చు, కానీ ఆయన ఇల్లు దాటించకముందే మేం మేలుకోవాల్సింది. ఎలా తెలుస్తుందండీ ముందుగా? రోజూ ఈసీ తీస్తూ కూర్చుంటామా?

పోలీసుల దగ్గరికి వెళ్తే "సివిల్ మ్యాటర్ అమ్మా" అన్నారు. అప్పులవాళ్లకు దక్కకుండా మోసంతో ఆస్తి దాటిస్తే రెండేళ్ల దాకా జైలు అని ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త న్యాయ సంహితలోనూ ఉంది కదా! అరవై ఎనిమిదేళ్ల మా అమ్మను అరగంట నిలబెట్టి, ఆ ఒక్క ముక్క చెప్పి పంపించేశారు.

అసలు నాకు వీళ్లందరికంటే పెద్దమనుషుల మీదే మంట. నా చిన్నప్పుడు మా ఊళ్లో ధాన్యం కొనే షావుకారు మా నాన్నకు బాకీ ఉండగానే ఐపీ పెట్టాడు, అంటే దివాలా తీశానని కోర్టులో పిటిషన్ వేశాడు. పెట్టే ముందే పొలం బావమరిది పేరున రాసేశాడు. దివాలాకు ముందు రెండేళ్లలో ఊరికే రాసిచ్చిన ఆస్తిని కోర్టు పెట్టే రిసీవర్ వెనక్కి లాగొచ్చని మా నాన్నకు ఒక్కరూ చెప్పలేదు. రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి "మనలో మనకి కోర్టులేంటి, రూపాయికి పావలా తీసుకో" అన్నారు. నాన్న తలొంచుకుని సంతకం పెట్టాడు. ఆ ఏడాది అక్క కాలేజీ మానేసింది. షావుకారు కొడుకు మాత్రం మరుసటి సంక్రాంతికి కొత్త ట్రాక్టర్ మీద ఊరేగాడు.

నిన్న మళ్లీ అదే మాట, ఈసారి మా మేనమామ నోట. "పోనీలే, లక్షన్నర ఇస్తాడట, తీసుకో." అమ్మ ఏమీ మాట్లాడలేదు. లోపలికెళ్లి ట్రంకు పెట్టెలోంచి నోటు తెచ్చి నా చేతిలో పెట్టింది.

రేపు పదింటికి లాయర్ దగ్గరికి వెళ్తున్నాం. ఆయనకు అప్పిచ్చిన ఇంకో ముగ్గురు కూడా వస్తున్నారు.