నల్లకోటు వేసుకున్నాక మొదటి మూడేళ్లు

లా చదివితే ఏమొస్తుందని అడిగే తల్లిదండ్రులకు ఇప్పుడు చెప్పడానికి చాలానే ఉంది. లా ఫర్ములు, కంపెనీల లీగల్ విభాగాలు, ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) పోస్టులు, జూనియర్ సివిల్ జడ్జి. పేదింటి పిల్లలకు అడ్డంకి ఎక్కడంటే మాత్రం అందరూ జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ వైపే చూపిస్తారు. నిజమే, పరీక్ష ఇంగ్లిష్‌లో, కోచింగ్ ఖరీదు. హైదరాబాద్‌లోని నల్సార్‌లాంటి లా యూనివర్సిటీలో సీటు గ్రామీణ విద్యార్థికి అందడం లేదనే 2010లో లా ప్రొఫెసర్ శమ్నాద్ బషీర్ ‘ఐడియా’ సంస్థను మొదలుపెట్టారు. కానీ రాష్ట్ర లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి, రిజర్వేషన్‌తో సీటు తెచ్చుకుని, పట్టా పుచ్చుకున్న పిల్లలు తర్వాత ఎక్కడ జారిపోతున్నారు?

ఏ జిల్లా కోర్టుకైనా వెళ్లి చూడండి. పదిన్నరకల్లా కేసు కట్టలతో హాల్లో జూనియర్ లాయరు నిలబడి ఉంటుంది. కేసు పిలవగానే సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారని చెప్పి వాయిదా అడుగుతుంది. సాయంత్రం ఆఫీసులో డ్రాఫ్టింగ్. నెలాఖరుకు చేతికొచ్చేది చాలాసార్లు బస్సు ఛార్జీలకు సరి. మేనమామ ప్లీడరైతే ఫర్వాలేదు, బల్లా పుస్తకాలూ క్లయింట్లూ ఇంట్లోనే ఉంటాయి. కూలి పనికెళ్లే ఇంట్లో అలా కాదు. చదువైపోయిందిగా, ఇంకా మేమే పంపాలా అంటారు. వాళ్లనీ ఏమనగలం? రెండో ఏడాదికల్లా ఆ అమ్మాయి బ్యాంకు పరీక్షల పుస్తకం పట్టుకుంటుంది.

2024 జూలైలో సుప్రీంకోర్టు లాయరుగా పేరు నమోదు చేసుకునే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు చట్టంలో ఉన్నట్టు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125 దాటకూడదంది. అంతకుముందు కొన్ని రాష్ట్రాల్లో వేలల్లో గుంజేవారు. మంచి తీర్పే. 2025 మే 20న ఇంకో తీర్పు వచ్చింది. సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని, 2002లో తీసేసిన నిబంధనను మళ్లీ తెచ్చారు. కోర్టు హాలు చూడని కుర్రాడు జడ్జి కుర్చీలో కూర్చోకూడదన్న వాదనతో నాకు పేచీ లేదు. పేచీ ఆ మూడేళ్ల తిండి గురించి. మూడేళ్లూ కోర్టుకు తిరగని వాడికి, ప్రాక్టీస్ చేశాడని పదేళ్ల అనుభవమున్న సీనియర్ సర్టిఫికెట్ ఎందుకిస్తాడు?

ఆంధ్రప్రదేశ్ 2019లో ‘లా నేస్తం’ కింద జూనియర్లకు నెలకు 5,000 ఇవ్వడం మొదలుపెట్టింది. 2024 అక్టోబరులో లాయర్ల నియంత్రణ సంస్థ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామాల్లో 15,000 స్టైపెండ్ ఇవ్వమని సీనియర్లకు చెప్పింది. అది సిఫార్సు మాత్రమే. ఇవ్వని సీనియర్ని అడిగే ధైర్యం ఏ జూనియర్‌కుంటుంది, రేపు సర్టిఫికెట్‌పై సంతకం పెట్టాల్సింది ఆయనే అయినప్పుడు?