‘బాలేదు’ అని చెప్పే పేజీ పోయింది

పోయిన ఎండాకాలం తాడోబా అడవికి వెళ్లొచ్చిన కుర్రాడొకడు మా ఇంటికొచ్చాడు. మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గరున్న మా బల్లార్‌పూర్ వాడే. వాళ్ల నాన్న బొగ్గు గనిలో పనిచేస్తాడు, సొంతూరు మంచిర్యాల వైపు. రెండేళ్లు జీతం కూడబెట్టి కెమెరా కొన్నాడు, పెద్ద లెన్సు మాత్రం అద్దెకు తెచ్చుకున్నాడు. ఫోన్ నా చేతిలో పెట్టి, “ఎట్లుంది కాకా?” అన్నాడు. మా దగ్గర తెలుగు పిల్లలు కూడా మరాఠీ అలవాటుతో బాబాయి వరసవాళ్లను కాకా అనే పిలుస్తారు.

పులి నీళ్లు తాగుతోంది. మీసాల చివర నీటి చుక్కలు కూడా కనిపిస్తున్నాయి. కానీ పులి భుజం వెనక ఒక జీపు బానెట్ ఎండకు తెల్లగా మెరుస్తోంది. చూపు ముందు అక్కడికే పోతోంది, ఆ తర్వాతే పులి దగ్గరికొస్తోంది. ఆ మాటే చెప్పాను. కుర్రాడు ఫోన్ తీసుకుని, రెండు వేళ్లతో ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూశాడు. ఆ ఫొటో నెట్‌లో పెట్టి అప్పటికే మూడు వారాలైంది. వందల మంది లైక్ కొట్టారు. ‘సూపర్’ అన్నారు, ‘కిరాక్’ అన్నారు. ఆ తెల్ల మచ్చ సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

అలా తప్పు చెప్పే పని ఒకప్పుడు అచ్చు పత్రిక చేసేది.

ఫొటోగ్రఫీ పత్రికలు పోయాయని బాధపడేవాళ్లలో ఎక్కువ మంది కాగితం వాసన గురించి మాట్లాడతారు. నాకు ఆ మాట ఎప్పుడూ ఎక్కలేదు. నేను కాగితం మిల్లు ఊళ్లో పెరిగాను. చంద్రపూర్, గడ్చిరోలి అడవుల వెదురు లారీల్లో వచ్చి మా ఊళ్లో కాగితమయ్యేది. కాగితం వాసన అంటే మాకు మిల్లు వైపు నుంచి గాలి తిరిగిన రోజు కిటికీలు మూసుకోవడమే. పాఠకుడు పోగొట్టుకున్నది వాసన కాదు. తన ఫొటోను తనకు ఏమీ కాని ఒక మనిషి తీరిగ్గా చూసి, ఇది ఎందుకు బాగుందో, ఎందుకు బాలేదో చెప్పే ఏర్పాటును పోగొట్టుకున్నాడు.

ముందు పత్రికలు ఎందుకు పోయాయో చూద్దాం. అమెరికాలో పాపులర్ ఫొటోగ్రఫీ అనే పత్రిక 1937లో మొదలై, 80 ఏళ్లు నడిచి, 2017లో అచ్చు ఆపేసింది. దాని తోబుట్టువు అమెరికన్ ఫొటో కూడా అప్పుడే ఆగింది. జనం చదవడం మానేశారు కాబట్టి పత్రికలు మూతపడ్డాయని అందరూ అనే మాట. అది సగమే నిజం. ఈ పత్రికలు పాఠకుడిచ్చే డబ్బు మీద కాకుండా ప్రకటనల మీద బతికాయి. ముందు పేజీల్లో కెమెరా కంపెనీలు, ఫిల్ము కంపెనీలు ఉండేవి, వెనక పేజీల్లో చీమల్లాంటి అక్షరాలతో దుకాణాల ధరల పట్టికలు ఉండేవి. ఫిల్ము పోయింది, కొడాక్ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. ఆ తర్వాత కెమెరా కూడా పోయింది. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్క ప్రకారం 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్లోకి వెళ్లాయి. 2023కు ఆ సంఖ్య 80 లక్షల లోపుకు దిగింది. అమ్మే సరుకే లేనప్పుడు ప్రకటన ఎవరిస్తారు?

మన దగ్గరా కథ ఇంచుమించు ఇదే. 1990ల చివర్లో బెటర్ ఫొటోగ్రఫీ, 2005లో స్మార్ట్ ఫొటోగ్రఫీ ముంబై నుంచి వచ్చాయి. డిజిటల్ కెమెరా మధ్యతరగతి ఇళ్లలోకి వస్తున్న రోజులు కాబట్టి పేజీలు నిండుగా ఉండేవి. అదే డిజిటల్ ఫోన్‌లోకి దూరిపోగానే పేజీలు సన్నబడుతూ వచ్చాయి.

మా ఊరి పేరు బల్లార్‌పూర్, స్టేషన్ పేరు బల్లార్షా. ఢిల్లీ నుంచి దక్షిణానికి వెళ్లే బళ్లు చాలావరకు మా మీదుగానే పోతాయి. జీటీ వచ్చినా, దక్షిణ్ వచ్చినా ప్లాట్‌ఫారం మీద టీ, పూరీలు, కింద పరిచిన పత్రికలు. స్టాల్ ముందు వరసలో సినిమా పత్రికలుండేవి. ఫొటోగ్రఫీ పత్రిక కావాలంటే అడగాలి, అడిగితే లోపలి నుంచి తీసేవాడు. ఒకటే కాపీ వచ్చేది. నేను పని నేర్చుకున్న స్టూడియో ఓనర్ దాన్ని నెల మొదట్లోనే చెప్పి పెట్టించుకునేవాడు. తను చదివాక నాకు, నా తర్వాత వార్ధా నదికి అవతల రాజురాలో ఉన్న ఇంకో స్టూడియోకు వెళ్లేది. రాజురా 1956కు ముందు హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఇప్పటికీ అక్కడి అంగట్లో తెలుగు, మరాఠీ కలగలిపే మాట్లాడతారు. ఒక్క కాపీ నది దాటి తిరిగి వచ్చేసరికి పిన్నులు వదిలేసి, అంచులు నల్లబడేవి.

స్టూడియో అన్న దగ్గర నెగెటివ్‌లు చూసే భూతద్దం ఒకటి ఉండేది. మొదటి రోజే దాన్ని పత్రికలోని ఫొటో మీద పెట్టి నన్ను చూడమన్నాడు. ఒక ముసలమ్మ ముఖం. అద్దంలో ముఖం మాయమైంది. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు, ముగ్గులో చుక్కల్లా వరసలుగా కనిపించాయి. “నాలుగు రంగులే తమ్మీ. ఇగ ఈడ చూడు, ఈ చెంప మీద ఎలుగు ఏడికెళ్లి వస్తున్నదో చెప్పు,” అన్నాడు. నాకు తెలియలేదు. మర్నాడు చెప్పమన్నాడు. నాలుగు రోజులు చూశాక, ముసలమ్మ కంటిపాపలో చిన్న చదరం కనిపించింది. కిటికీ. ఎడమవైపు, కాస్త పైన. ఫొటో కింద చిన్న అక్షరాల్లో నికాన్ ఎఫ్‌ఎం2 కెమెరా, 105 ఎంఎం లెన్సు, ఎఫ్ 4, సెకనులో 60వ వంతు అని ఉంది. ఆ అంకెలు అందరికీ కనిపిస్తాయి. కిటికీ మాత్రం నాలుగు రోజులు చూసినవాడికే కనిపిస్తుంది. ఫోన్‌లో ఏ ఫొటోనైనా నాలుగు రోజులు చూశానా అని ఈమధ్య నన్ను నేను అడుగుతున్నాను. లేదు.

ఆ పత్రికల్లో ఒకదానికి నేను ఫొటోలు పంపాను. వార్ధా ఒడ్డున గోండు రాజుల కోట గోడ మీద కూర్చున్న పశువుల కాపరి పిల్లాడు, రాత్రి షిఫ్టు దిగి సైకిళ్ల మీద వస్తున్న మిల్లు కార్మికులు, ఇంకో నాలుగు. రెండు నెలల తర్వాత ఆరూ వెనక్కొచ్చాయి. కాపరి పిల్లాడి ఫొటో వెనక పెన్సిల్‌తో ఇంగ్లీషులో మూడు ముక్కలు రాసి ఉన్నాయి. స్తంభం తలలోంచి మొలిచింది, ఒక అడుగు కుడివైపు జరగాల్సింది, మళ్లీ పంపు. అంతే. నాకు కోపమొచ్చింది, రెండు రోజులు కెమెరా ముట్టలేదు. కానీ ఆ తర్వాత ఇప్పటిదాకా ఎవరిని ఫొటో తీసినా ముందు తల వెనక చూస్తాను. నన్ను చూసి ఎరగని మనిషి, పైసా ఫీజు తీసుకోకుండా, ఒక్క వాక్యంతో నా కన్ను మార్చేశాడు. వందల ఫొటోలు వచ్చే ఆఫీసులో కూర్చుని ఆ వాక్యం రాయాల్సిన అవసరం అతనికి లేదు. అయినా రాశాడు.

లైక్ ఈ పని చేయలేదు. లైక్ కొట్టేవాడిది చెడ్డ మనసు కాదు, అతనికి ఉన్న తీరిక అర సెకను. పైగా తెలిసినవాడు పెట్టిన ఫొటోకు తప్పు చెబితే మర్యాద తప్పినట్టుంటుంది. సంపాదకుడికి ఆ మొహమాటం లేదు. అతని దగ్గర ఉన్నవి లెక్కపెట్టిన పేజీలు. ఒకటి వేయాలంటే వంద వద్దనాలి. ఎందుకు వద్దన్నాడో అతనికి తెలిసి ఉండాలి, ఎందుకంటే వచ్చే నెల ఉత్తరాల పేజీలో పాఠకులు నిలదీస్తారు.

అడవి ఫొటోల విషయంలో ఈ లోటు ఇంకా ప్రమాదం. తాడోబా 1955లోనే జాతీయ పార్కు అయింది. ఇప్పుడు దేశం నలుమూలల నుంచి లెన్సులు మోసుకుని వస్తున్నారు. పత్రికలు, పోటీలు నడిపేవాళ్లు పక్షి గూళ్ల ఫొటోలు మాకొద్దు అని నియమం పెట్టారు. గూడు దగ్గరికి మనిషి పోతే తల్లి పిల్లల్ని వదిలేసే ప్రమాదం ఉంది కాబట్టి. ఎంత బాగా తీసినా అచ్చు కాదని తెలిస్తే తీసేవాడు తగ్గుతాడు. 1981లో ముంబైలో మొదలైన శాంక్చురీ ఏషియా లాంటి పత్రిక చదివి పెరిగినవాళ్లకు జంతువు క్షేమం ముందు, ఫొటో తర్వాత అన్న వరస పాఠం చెప్పకుండానే వచ్చింది. ఫోన్‌లో అలాంటి గేటు లేదు. ఎంత దగ్గరికి పోతే అంత చూస్తారు. అప్పట్లో రీలు అంటే 36 ఫొటోలు, ఒక్కో నొక్కుకూ లెక్క. ఇప్పటి రీలు అర నిమిషం. ఆ అర నిమిషం కోసం పులి దారికి అడ్డంగా జీపులు నిలుస్తున్నాయి. కుర్రాడి ఫొటోలో మెరిసిన బానెట్ అలా వచ్చిందే.

ఇంకో నష్టం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అది కొలత. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఇచ్చే ఫొటో 6000 పిక్సెళ్ల వెడల్పు, 4000 ఎత్తు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే వెడల్పు 1080కి కుదించుకుపోతుంది, అడ్డ ఫొటో అయితే ఎత్తు 720. లెక్క కడితే తీసినదాంట్లో నూటికి మూడు వంతులు మిగులుతుంది. అదే ఫొటోను ఏ4 పత్రికలో రెండు పేజీలకు పరిచి అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన అచ్చు వేస్తే, మూడింట రెండు వంతులు కాగితం మీదికొస్తాయి. లక్ష పెట్టి లెన్సు కొన్నవాడు నూటికి ఆ మూడు వంతుల కోసం కొన్నట్టా? అందుకే పిల్లలు తెలియకుండానే ఫోన్‌కు సరిపోయే ఫొటోలు తీస్తున్నారు. నిలువుగా, మధ్యలో ఒక్క ముఖం, చిక్కటి రంగులు. మహాకాళి జాతరలో వెయ్యి మంది ఉన్న దృశ్యాన్ని అడ్డంగా, దూరం నుంచి, మూల మూలా నింపి తీసేవాళ్లు తగ్గిపోయారు. అంత చిన్న అద్దంలో ఆ జనం ఇసుక రేణువుల్లా కనిపిస్తారు మరి.

అలాంటి పేజీలకు కావాల్సిన నునుపు కాగితం పుణె జిల్లా భిగ్వణ్ మిల్లులో తయారవుతుంది. ఆ భిగ్వణ్‌కే చలికాలంలో ఫ్లెమింగోలు వస్తాయి, వాటి కోసం ఫొటోగ్రాఫర్లు పడవలెక్కుతారు. అక్కడ తీసిన ఫొటోల్లో ఎన్ని అక్కడి కాగితం మీదికి ఎక్కుతున్నాయో అనిపిస్తుంది నాకు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పత్రికలు ఇంగ్లీషులో ఉండేవి. స్టూడియో అన్న కూడా కూడబలుక్కునే చదివేవాడు, సగం అంకెలు చూసి, సగం బొమ్మలు చూసి అర్థం చేసుకునేవాడు. ఇవాళ యూట్యూబ్‌లో అపెర్చర్ అంటే ఏమిటో శుద్ధమైన తెలుగులో చెప్పేవాళ్లున్నారు. సిరొంచలో ఉన్న పిల్ల కూడా డబ్బు పెట్టకుండా నేర్చుకోవచ్చు. ఇది చిన్న మేలు కాదు. కెమెరా సమీక్షలు నెట్‌లోకి పోవడం కూడా మంచిదే. అచ్చయ్యేలోపు పాతబడిపోయే సంగతికి కాగితం దండగ.

అయితే నెట్‌లో ఉన్నదంతా ఉంటుందన్న భరోసా మాత్రం లేదు. 1998లో మొదలైన డీపీరివ్యూ అనే వెబ్‌సైటు కెమెరా సమీక్షలకు పెద్ద దిక్కు. పత్రికల పాఠకుల్లో చాలామందిని అదే లాక్కుంది. 2007లో దాన్ని కొన్న అమెజాన్, 2023 మార్చిలో ఏప్రిల్‌తో మూసేస్తున్నామని ప్రకటించింది. పాతికేళ్ల రాతలు ఏమవుతాయోనని ప్రపంచమంతా టెన్షన్ పడింది. ఆ జూన్‌లో ఇంకో సంస్థ తీసుకోవడంతో నిలబడింది. మా దగ్గర రద్దీ అంటే జనం గుంపు కాదు, మరాఠీ అర్థంలో పాత కాగితాలు. రద్దీ దుకాణంలో పదిహేనేళ్ల కిందటి ఫొటోగ్రఫీ పత్రికల కట్ట కిలో లెక్కన ఇప్పటికీ దొరుకుతుంది. దాన్ని చదవడానికి ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు.

నెలనెలా పత్రిక తిరిగి వస్తుందని నేననుకోను. ప్రకటనలు రావు, పోస్టు ఖర్చు మోయలేం. కానీ మరాఠీవాళ్లను చూస్తూ పెరిగినవాడిగా నాకొక దారి కనిపిస్తుంది. 1909లో మనోరంజన్ పత్రికతో మొదలైన దీపావళి అంక్ సంప్రదాయం ఇప్పటికీ ఉంది. ఏడాదికొక్కసారి, పండక్కి, లావుపాటి సంచిక. మా పక్కింటి మరాఠీ మాస్టారు ఏడాదంతా పేపర్ కూడా ఫోన్‌లోనే చదువుతారు, దీపావళికి మాత్రం రెండు మూడు అంకులు కొని అలమారలో పెడతారు. మనకూ ఇది కొత్త కాదు. ముంబైలో 1908లో పుట్టిన ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు వేసేది, ఇళ్లలో వాటిని దాచుకునేవారు. తెలుగులో ఏడాదికొక్క ఫొటో సంచిక వస్తే చాలు. అందులో ప్రతి ఫొటో కిందా ఎందుకు ఎంచుకున్నారో రెండు వాక్యాలు తెలుగులో ఉండాలి. చివర కొన్ని పేజీల్లో, తీసినవాళ్ల ఒప్పుకోలుతో, వేయని ఫొటోలు, ఎందుకు వేయలేదో కారణాలు ఉండాలి. నా వరకు ఆ చివరి పేజీలే అసలు పత్రిక.

మేం ఆరుగురం నెలకో ఆదివారం మా ఇంట్లో కూర్చుంటున్నాం. ఇద్దరు పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు, ఒక స్కూల్ టీచరమ్మ, మిల్లు నుంచి రిటైరైన ఒకాయన, ఆ కుర్రాడు, నేను. షరతు ఒక్కటే, ఫోన్ బయటికి తీయకూడదు. ఎనిమిదికి పన్నెండు అంగుళాల ప్రింటు వేయించుకుని రావాలి. ప్రింటు బల్ల మీద పెట్టాక, తీసినవాడు మాట్లాడకూడదు, మిగతా అయిదుగురూ చెప్పాలి. ‘బాగుంది’ అని ఊరుకుంటే ఒప్పుకోం. మొదటి నెల అందరికీ ఇబ్బందిగానే ఉంది, రిటైరైనాయన అలిగి ఒక నెల రాలేదు. తర్వాత వచ్చాడు. ఉగాదికి 32 పేజీల సంచిక అచ్చు వేయించాలని మా ప్రయత్నం. ఇప్పటికి పదకొండు ఫొటోలు ఒప్పుకున్నాం. టీచరమ్మ తీసిన పత్తి ఏరే ఆడవాళ్ల ఫొటోను రెండు పేజీలకు పరవాలని అందరం ఒక్కమాటన్నాం. కుర్రాడు జనవరిలో మళ్లీ తాడోబా వెళ్తున్నాడు.