సవరణ: చలి బాక్టీరియాను దాచేది ఫ్రిజ్‌లో కాదు

అంటార్కిటికాలో మంచు కప్పని ప్రాంతమైన షిర్మాకర్ ఒయాసిస్ మట్టి నుంచి హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు వేరుచేసి 1992లో వర్ణించిన స్ఫింగోబాక్టీరియం అనే బాక్టీరియా గురించి రాస్తూ, ఇలాంటి చలి సూక్ష్మజీవులు మామూలు ఫ్రిజ్‌లో ఏళ్ల తరబడి నిలుస్తాయని గత పోస్టులో అన్నాను. అది తప్పు, సూక్ష్మజీవుల భాండాగారాలు పాటించే పద్ధతులను సరిగా చదవకుండా రాశాను.

ఫ్రిజ్‌లోని 4 డిగ్రీలు మన ఇంటి పప్పును కొన్నాళ్లు కాపాడవచ్చు గానీ, వీటికి అది పెరగడానికి చాలినంత వెచ్చదనమే కాబట్టి, అక్కడ అవి పెరుగుతూ పోయి, ఆహారం అయిపోయాక క్రమంగా నశిస్తాయి. అందుకే కణాలను గ్లిసరాల్ కలిపిన ద్రవంలో, చిటికెన వేలంత గొట్టాల్లో నింపి, మైనస్ 80 డిగ్రీల వద్ద గానీ మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో గానీ ఉంచుతారు. గ్లిసరాల్ లేకపోతే మంచు స్ఫటికాలు కణాలను చీల్చేస్తాయి.

ప్రామాణిక నమూనా, అంటే ఒక జాతి పేరుకు ఆధారంగా నిలిచే నమూనా, దాన్ని కనుగొన్న ప్రయోగశాల సొత్తు అని గత పోస్టులో రాసిన వాక్యం కూడా సరికాదు. కొత్త జాతి పేరు చెల్లాలంటే ఆ నమూనాను కనీసం రెండు వేర్వేరు దేశాల భాండాగారాల్లో జమచేసి, ఇతర పరిశోధకులకు అందుబాటులో ఉంచాలని ఇప్పటి అంతర్జాతీయ నామకరణ నియమావళి చెబుతోంది. మన దేశంలో చండీగఢ్‌లోని ఎంటీసీసీ (మైక్రోబియల్ టైప్ కల్చర్ కలెక్షన్) అలాంటి భాండాగారమే.