యాంటీవైరస్ కొన్నారు సరే, అప్‌డేట్ ఎవరు చూస్తున్నారు?

ఆడిటర్ ఆఫీసు, డయాగ్నస్టిక్ సెంటర్, ఎరువుల డీలరు, చిన్న ప్రైవేటు స్కూలు. పది పదిహేను కంప్యూటర్లతో నడిచే ఇలాంటి చోట్ల యాంటీవైరస్ రెన్యువల్ మెసేజ్ వచ్చినప్పుడల్లా ఒకటే తర్జనభర్జన: డబ్బు పెట్టాలా, ఈ ఏడాదికి వదిలేయాలా? నన్నడిగితే అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. ఈ కంప్యూటర్లు అప్‌డేట్ అవుతున్నాయో లేదో చూసే పని ఎవరిది? చాలా ఆఫీసుల్లో దీనికి జవాబు లేదు. అసలు ప్రమాదం అక్కడుంది.

2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్) విరుచుకుపడింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఫైళ్లకు తాళం పడి, విప్పాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమని తెర మీద హెచ్చరిక. అది దూరిన కంత విండోస్ ఫైల్ షేరింగ్‌లో ఉంది. అప్పటికి సపోర్టులో ఉన్న విండోస్‌లకు ఆ కంత పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఉచితంగా ఇచ్చేసింది. మధ్యలో దాదాపు రెండు నెలల గడువు. ఆలోపు అప్‌డేట్ చేసుకున్నవాళ్లకు పైసా ఖర్చు లేకుండా గండం గడిచింది.

విండోస్ 8 నుంచీ డిఫెండర్ అనే మైక్రోసాఫ్ట్ యాంటీవైరస్ విండోస్‌తోనే వస్తోంది. ఆఫీసులో వాడుకోవడానికి వేరే లైసెన్సు అక్కర్లేదు. (నెట్‌లో ఉచితంగా దొరికే ఇతర యాంటీవైరస్‌లు చాలావరకు ఇంటి వాడకానికే పరిమితం. షరతులు చదవకుండా ఆఫీసులో ఎక్కించకండి.) డబ్బు కట్టి కొనే బిజినెస్ ప్యాకేజీతో వచ్చే పెద్ద సౌకర్యం, అన్ని కంప్యూటర్ల పరిస్థితీ ఒకే తెర మీద కనిపించడం. యాభై సిస్టమ్‌లుంటే దానికి పెట్టిన డబ్బు దండగ కాదు. పదింటికైతే ఒక మనిషి సోమవారం ఉదయం అరగంట తిరిగి చూస్తే సరిపోతుంది. విండోస్ సెక్యూరిటీ తెరిచి, చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో తేదీ చూడాలి. డిఫెండర్ డెఫినిషన్లు (కొత్త వైరస్‌లను గుర్తుపట్టే జాబితాలు) రోజుకు పలుసార్లు విడుదలవుతాయి కాబట్టి అక్కడ పోయిన నెల తేదీ కనిపిస్తే ఏదో తేడా ఉన్నట్టే. గడువు తీరిన పాత యాంటీవైరస్ ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేసి, డిఫెండర్ ఆన్ అయిందో లేదో చూసుకోవాలి. గడియారం పక్కన గుర్తు కనిపిస్తోంది కదా అని ధీమాగా ఉండకూడదు.

తేదీ పాతదిగా ఉండటానికి నెట్ నెమ్మదే కారణం అనుకుంటారు. చాలాచోట్ల అసలు కారణం క్రాక్ చేసిన, అంటే లైసెన్సు కొనకుండా దొంగదారిన వేసిన విండోస్. దాన్ని యాక్టివేట్ చేసే టూల్ నడవాలంటే ముందు డిఫెండర్ ఆపమంటారు, ఆ తర్వాత అప్‌డేట్లూ ఆపమంటారు. సిస్టమ్ అసెంబుల్ చేసిన కుర్రాడు ఆ రెండూ ఆపేసి వెళ్లిపోతాడు. అలాంటి కంప్యూటర్ మీద ఎంత ఖరీదైన యాంటీవైరస్ వేసినా పునాది లేని గోడే. ఉన్న కొద్దిపాటి డబ్బులో మొదటి ఖర్చు అసలైన విండోస్ లైసెన్సుకే పెట్టాలని గట్టిగా చెబుతాను.

రెండో ఖర్చు బ్యాకప్. మన ఆఫీసుల్లో ట్యాలీ (ఖాతాలు రాసుకునే సాఫ్ట్‌వేర్) డేటా ఎలా ఉంటుందో చూడండి. ఒక కంప్యూటర్‌కు సర్వర్ అని పేరు పెట్టి, అందులో ఫోల్డర్ షేర్ చేసి, ‘ఎవ్రీవన్’కు ఫుల్ కంట్రోల్ ఇచ్చేస్తారు. రిసెప్షన్‌లో ఎవరో మెయిల్‌లో వచ్చిన బిల్లు అనుకుని ఫైలు తెరిస్తే చాలు, అక్కడి రాన్సమ్‌వేర్ ఆ షేర్డ్ ఫోల్డర్‌లోని ఖాతాలన్నిటికీ తాళం వేయగలదు. బ్యాకప్ డిస్కు కూడా అదే సర్వర్‌కు రోజంతా తగిలించి ఉంటే అదీ పోతుంది. అందుకే కాపీ అవగానే డిస్కు ఊడదీసి బీరువాలో పెట్టాలి. ఖాతాలతో పనిలేని వాళ్లకు ఆ ఫోల్డర్ కనిపించనే కూడదు. దీనికి ఖర్చేమీ లేదు.

ఇప్పుడు కొత్త చిక్కు విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సపోర్టు ముగిసింది. డిఫెండర్ డెఫినిషన్లు మాత్రం 2028 అక్టోబర్ దాకా ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. దీంతో మోసపోయే అవకాశం ఎక్కువ. యాంటీవైరస్ తాజాగా కనిపిస్తుంది, పచ్చ టిక్కు వెలుగుతుంది, విండోస్‌లో కొత్తగా బయటపడే కంతలు మాత్రం అలాగే ఉంటాయి. సంస్థలు అదనపు ప్యాచ్‌లు కొనుక్కోవాలంటే మొదటి ఏడాది ఒక్కో కంప్యూటర్‌కు 61 డాలర్లు, ఆపై ఏటేటా రెట్టింపు. పాత సిస్టమ్‌లన్నీ ఒకేసారి మార్చే స్తోమత లేకపోతే, బ్యాంకు లావాదేవీలు, ట్యాలీ నడిచేవి ముందు విండోస్ 11కు మార్చండి. బ్రౌజర్ తప్ప ఇంకేమీ అక్కర్లేని పాత మిషన్లకు విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉచితంగా వేయొచ్చు.

ఎలాగూ ఏఎంసీకి (కంప్యూటర్ల వార్షిక నిర్వహణ ఒప్పందానికి) ఏటా డబ్బు కడుతున్నారు. ప్రింటర్ మొరాయించినప్పుడే ఫోన్ చేసే బదులు, ఈసారి ఒప్పందంలో రెండు లైన్లు రాయించండి: నెలనెలా ప్రతి సిస్టమ్‌లో విండోస్, డిఫెండర్ అప్‌డేట్ తేదీలు చూసి రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టాలి. మూడు నెలలకోసారి బ్యాకప్ డిస్కు నుంచి ట్యాలీలోని మీ కంపెనీ ఖాతాలను వేరే కంప్యూటర్‌లో రిస్టోర్ చేసి, మీ కళ్ల ముందే తెరిచి చూపించాలి. ఆ రిజిస్టర్‌లో యజమాని ల్యాప్‌టాప్‌కూ ఒక వరుస ఉండాలి, ఎందుకంటే దాని జోలికి వెళ్లే ధైర్యం స్టాఫ్‌లో ఎవరికీ ఉండదు.